ఒకసారి కేసులో ఇరుక్కున్నవాడు మళ్ళీ మామూలు మనిషి కాగలడా?

మీ ప్రశ్న రెండుసార్లు చదివాను. డిగ్రీ సోషియాలజీలో నేరం, విచలనం (అంటే సమాజం పెట్టిన రూలు దాటడం) పాఠం చదువుతున్నానన్నారు. నేరగాడు పుట్టడు, జనం వేసే ముద్రే వాణ్ణి అలా తయారు చేస్తుందని లేబలింగ్ సిద్ధాంతం అంటోంది కదా, పరీక్షలో రాయడానికి బాగానే ఉంది గానీ నిజంగా ఎవరైనా చూశారా, అలాంటివాడు మళ్ళీ మారగలడా అని అడిగారు. నేను చూశాను. ఆ ముద్ర వేసినవాళ్ళలో నేనూ ఒకణ్ణి. అందుకే కొంచెం పొడుగ్గా రాస్తున్నా, ఓపిగ్గా చదవండి.

తిరుపతిలో ఒక క్రిమినల్ లాయరు గారి దగ్గర పద్నాలుగేళ్ళు గుమాస్తాగా చేశాను. వకాల్తాలు నింపడం, వాయిదాలు డైరీలో రాసుకోవడం, కాపీ అప్లికేషన్లు పెట్టడం, జామీనుదారులను పట్టుకురావడం నా పని. ఆయన ప్రాక్టీసు తగ్గించుకున్నాక కోర్టు దగ్గరే జిరాక్స్ షాపు పెట్టుకున్నాను. సోషియాలజీ నేను చదవలేదు, మా అమ్మాయి చదివింది. దాని నోట్సు కాపీలు తీస్తూ తీస్తూ చదివాను. బెకర్, లెమర్ట్, మెర్టన్ అని సోషియాలజీ పండితుల పేర్లున్నాయి. వీళ్ళు మన కోర్టు వరండాలో కూర్చుని రాశారా ఏమిటి అనిపించింది.

ముందు అసలు ‘తప్పు’ ఎక్కడుంటుందో చూడండి. అలిపిరి చెకింగ్ దగ్గర జేబులో సిగరెట్ ప్యాకెట్ ఉన్న మనిషిని తీసుకోండి. గేటుకు ఇవతల వాణ్ణి ఎవరూ పట్టించుకోరు. అవతల కొండ మీద అది నిషిద్ధం, తీసి పారేయిస్తారు. ఇక తాతయ్యగుంట గంగమ్మ జాతర. బైరాగి వేషం, బండ వేషం, తోటి వేషం, దొర వేషం, మాతంగి వేషం అని రోజుకొకటి. మగవాళ్ళు చీర కట్టి, పూలు పెట్టుకుని వీధుల్లో తిరుగుతారు. వేషంలో ఉన్నవాడు బూతులు తిడితే నవ్వుతారు, కొందరు దండం కూడా పెడతారు. జాతర అయిన వారానికి అదే మాట అదే వీధిలో అనమనండి, చెంప పగులుతుంది. 1995 జనవరిలో రాష్ట్రంలో సంపూర్ణ మద్యనిషేధం పెట్టారు, 1997లో సడలించారు. మా మేనమామ ఆ రోజుల్లో వారానికోసారి తమిళనాడులోని తిరుత్తణి పోయి పంచెలో ఒక సీసా చుట్టుకుని వచ్చేవాడు. 1994లో ఆయన తాగుబోతు, 1995లో నేరస్థుడు, 1997 తర్వాత మళ్ళీ తాగుబోతు. సీసా అదే.

హోవర్డ్ బెకర్ అనే అమెరికా ఆయన 1963లో చెప్పింది కూడా ఇదే. విచలనం చేసిన పనిలో ఉండదట. రూలు పెట్టినవాళ్ళు దాన్ని ఎవరి మీద ఎలా ప్రయోగిస్తారో దానిలో ఉంటుందట. ‘ఎవరి మీద’ అన్న మాట దగ్గర కొంచెం ఆగండి. దర్శనానికి సిఫార్సు లేఖ ఇప్పించినవాణ్ణి మన ఊళ్ళో పలుకుబడి ఉన్న మనిషి అంటాం, పెళ్ళికి పిలిచి ముందు వరసలో కూర్చోబెడతాం. అదే లేఖను డబ్బుకు అమ్మినవాడు దళారి, పేపర్లో ఫోటో పడుతుంది. రెండు చోట్లా క్యూలో నిలబడ్డ ముసలమ్మ వెనక్కే పోతుంది.

చట్టాలు కూడా ఒక్కోసారి పనిని వదిలేసి మనిషినే పట్టుకుంటాయి. బ్రిటిషువాళ్ళు 1871లో నేరస్థ జాతుల చట్టం తెచ్చి, 1911లో మద్రాసు ప్రెసిడెన్సీకి వర్తింపజేశారు. యెరుకలవాళ్ళ లాంటి కులాలకు కులాలే పుట్టుకతో దొంగలన్నట్టు రిజిస్టర్లలోకి ఎక్కాయి. 1952లో దాన్ని ఎత్తేశారు. చట్టం పోయింది గానీ మా పిన్నమ్మ మొన్న మొన్నటిదాకా యెరుకలవాళ్ళు వీధిలోకి వస్తే పెరట్లో ఆరేసిన చీరలు తీసేసేది. మన పీడీ యాక్టు, అంటే ముందుజాగ్రత్తగా నిర్బంధించే చట్టం, 1986 నాటిది. దాని పూర్తి పేరు ఎప్పుడైనా చదవండి: బూట్‌లెగ్గర్లు, డెకాయిట్లు, డ్రగ్ అఫెండర్లు, గూండాలు, వ్యభిచార వృత్తి నడిపేవాళ్ళు, భూకబ్జాదారులు అని వరసగా మనుషుల రకాలు ఉంటాయి. పన్నెండు నెలల దాకా లోపల పెట్టొచ్చు. ఎర్రచందనం కేసుల్లో కూడా ఇది వాడతారు.

ఇక మావాడి సంగతి.

పేరు రాయను. చంద్రగిరి పక్కన, కొండ కింద ఊరు. మా పిన్నమ్మ వాళ్ళ వీధివాడే, నన్ను మామా అంటాడు. పందొమ్మిదేళ్ళప్పుడు బైకు మెకానిక్ షాపులో చేసేవాడు, వారానికి 1,200. ఎర్రచందనం సంగతి మీకు తెలిసిందే. శేషాచలం, పాలకొండలు, లంకమల, వెలిగొండలు, ఇలాంటి మన కొండల్లో తప్ప ప్రపంచంలో ఇంకెక్కడా దానంతటది పెరగదు. అడవిలోకి పోయి కొట్టేది, మోసేది ఎక్కువగా తమిళనాడులోని జవ్వాదు మలై, తిరువణ్ణామలై వైపు నుంచి వచ్చే కూలీలు. వాళ్ళను తెచ్చేది మేస్త్రీ. రోడ్డు మీదికి దిగిన దుంగలను బండికి ఎక్కించుకునేవాడు వేరే. ఆ బండికి ముందు ఒక బైకో కారో పోతుంది, దాన్ని పైలట్ అంటారు. దారిలో చెకింగ్ ఉంటే వెనక్కి ఫోన్ కొట్టడం దాని పని. మావాడు పైలట్‌గా పోయాడు. రాత్రికి 5,000. మూడో రాత్రి దొరికాడు.

లాయరు గారి దగ్గరికి వాళ్ళమ్మ వచ్చి ఏడ్చింది. నేను సబ్‌జైలుకు పోయి వకాల్తా మీద సంతకం తీసుకున్నప్పుడు వాడు అన్న మాట ఇప్పటికీ గుర్తుంది. “నేను చెట్టు కొట్లేదు, దుంగ మోయలేదు మామా. బండి ముందు పొయ్యినా, అంతే కదా? అయినా అడివి ఎవురిది? దేవుడిది.” సైక్స్, మాట్జా అని ఇద్దరు 1957లో దీనికే న్యూట్రలైజేషన్ అని పేరు పెట్టారట. తప్పు చేసేవాడికి కూడా రూలు తెలుసు, దాని మీద గౌరవమూ ఉంది. తన పనికి మాత్రం ముందుగానే ఒక మినహాయింపు రాసిపెట్టుకుంటాడు. అందరూ కోరుకునేది ఒకటే, దానికి పోయే సరైన దారి కొందరికే ఉంటుంది, అందుకే మిగతావాళ్ళలో కొందరు అడ్డదారి పడతారని మెర్టన్ 1938లో చెప్పిందీ మావాడికి అతుకుతుంది. వాడికి కావలసినవి కొత్తవేమీ కాదు, ఒక మంచి బండి, చెల్లెలి పెళ్ళి. ఊరంతా కోరుకునేవే. వాటికి పోయే దారి మాత్రం నెలకు ఐదువేల మెకానిక్ పని.

ఇక్కడ ఒక మాట చెప్పాలి. లేబలింగ్ సిద్ధాంతం మీద నాకున్న ఫిర్యాదు ఇదే. మొదటిసారి వాడు పోయినప్పుడు వాడి మీద ఏ ముద్రా లేదు. డబ్బు చూసి పోయాడు, తెలిసే పోయాడు. అదే వీధిలో అదే 1,200 తెచ్చుకునే ఇంకో ఇద్దరు పోలేదు. దీనికి ఆ సిద్ధాంతం దగ్గర జవాబు లేదు, మీ ఆన్సరులో ఆ మాట తప్పకుండా రాయండి. దాని బలమంతా దొరికిన తర్వాతి కథలో ఉంది.

దొంగతనం సెక్షన్ 379 (పాత ఐపీసీది, ఇప్పుడు భారతీయ న్యాయ సంహితలో నంబరు మారింది), అటవీ చట్టం సెక్షన్లు పెట్టారు. 42 రోజులకు బెయిలు వచ్చింది, ఇద్దరు జామీనుదారులు కావాలి. వాళ్ళ పెదనాన్నకు రెండెకరాల పాసుపుస్తకం ఉంది. నేను ఇంటికి పోయి అడిగితే ఆయన పుస్తకం తెచ్చి బల్ల మీద పెట్టాడు, మళ్ళీ తీసుకున్నాడు, మళ్ళీ పెట్టాడు. చివరికి పెద్దమ్మ వచ్చి దాన్ని బీరువాలో పెట్టి తాళం వేసింది. పదకొండు రోజులు తిరిగితే గానీ ఇద్దరు దొరకలేదు. వీడు లోకల్ కాబట్టి పదకొండు రోజులు. అదే కేసుల్లో దొరికే తమిళ కూలీలకు బెయిలు వచ్చినా బయటికి రావడానికి నెలలు పట్టేది. తిరువణ్ణామలై మనిషికి తిరుపతిలో పాసుపుస్తకం ఎవడు పెడతాడు? 2023 జనవరి 31న సుప్రీంకోర్టు ఇలాంటి చోట కోర్టులు లోకల్ జామీను షరతు పెట్టకుండా ఉండొచ్చని సూచించింది, అది నేను గుమాస్తా పని మానేశాక.

లోపల ఉన్న ఆ రోజుల్లో వాడికి దొరికిన ఫోన్ నంబర్లు మెకానిక్ షాపులో మూడేళ్ళకు కూడా దొరకలేదు. నేరం కూడా ఒక పని లాగే పక్కవాళ్ళ దగ్గర నేర్చుకునేదే అని సదర్లాండ్ అనే ఇంకో సోషియాలజీ ఆయన అన్నాడు, ఆ చదువు మన ఖర్చుతోనే జరిగింది. బెయిలు షరతు ప్రకారం ప్రతి ఆదివారం పది నుంచి ఐదు లోపల స్టేషన్లో సంతకం. ఆదివారమే షాపుకు గిరాకీ. ఓనరు చెడ్డవాడు కాదు, “ఎవుడి బండిలో అయినా పెట్రోలు తగ్గిందంటే నిన్నే అడుగుతార్రా, నాకు టెన్షన్” అని లెక్క తేల్చి పంపించేశాడు. ఆ తర్వాత ఆ చుట్టుపక్కల ఎక్కడ మోటారు పోయినా, కేబుల్ పోయినా మావాణ్ణి పిలిపించేవాళ్ళు. సస్పెక్ట్ షీట్, అంటే అనుమానితుడని స్టేషన్లో పెట్టే ఫైలు, తెరిచారు. ఈ షీట్లు శాసనసభ చేసిన చట్టం కింద వచ్చేవి కావు, పోలీసు శాఖ సొంత ఉత్తర్వుల (స్టాండింగ్ ఆర్డర్ల) కింద నడిచేవి. స్టేషన్ వాళ్ళను కూడా పూర్తిగా తప్పుపట్టలేను, దర్యాప్తు ఎక్కడో ఒకచోట మొదలుపెట్టాలి, చేతిలో లిస్టు ఉంది. పిలిచిన ప్రతిసారీ ఆ లిస్టులో ఇంకో గీత పడుతుంది.

టీ కొట్టు దగ్గర పిల్లలు వాడికి ‘దుంగ’ అని పేరు పెట్టారు. మొదట్లో వినబడితే తల దించుకుని పోయేవాడు. ఒకరోజు ఆటో స్టాండులో ఏదో గొడవైతే, “నేనెవుర్రా? దుంగ” అని వాడే అన్నాడట. అవతలివాళ్ళు వెనక్కి తగ్గారు. ఆ తర్వాత ఒక వడ్డీ వ్యాపారి వసూళ్ళకు పిలిచాడు. కొట్లాట కేసు ఒకటి పడింది. లెమర్ట్ 1951లో సెకండరీ డీవియేషన్ అన్నది ఇదే. జనం పెట్టిన పేరును వాడే తొడుక్కుని, దానితోనే బతకడం మొదలుపెడతాడు.

ఇప్పుడు నా సంగతి. ఒక రాత్రి షాపు వెనక రేకు లేపి ఇన్వర్టర్ బ్యాటరీ ఎత్తుకుపోయారు. కానిస్టేబుల్ వచ్చి, “ఎవురి మీదన్నా అనుమానమా అన్నా?” అన్నాడు. నేను ఆలోచించను కూడా లేదు, వాడి పేరు చెప్పేశాను. పద్నాలుగేళ్ళు ముద్దాయిల తరఫున కాగితాలు మోసినవాణ్ణి. వాణ్ణి ఒక రోజంతా స్టేషన్లో కూర్చోబెట్టారు. నాలుగో రోజు బ్యాటరీ పాత ఇనుప సామాన్ల కొట్లో దొరికింది. అమ్మింది నా షాపులో పనిచేసే కుర్రాడి బావ, మంచి ఉద్యోగం, నుదుట ఎప్పుడూ బొట్టు. ఆ వారంలోనే మావాడు ఆధార్ కాపీ కోసం వచ్చాడు. ఎప్పుడూ మామా అనేవాడు, ఆ రోజు “సార్, ఒక కాపీ” అన్నాడు.

ఇక మీరు అడిగిన అసలు ప్రశ్న, మారగలడా అని. మొదటి కేసులో ముగ్గురు ముద్దాయిలు, బండి ఓనరు పేరు కేసులోకే రాలేదు. ముగ్గురిలో ఒకడు బెంగుళూరు పోయాడు, అక్కడ హోటల్లో దోసె మాస్టరు, వాడి పాత పేరు అక్కడ ఎవరికీ తెలియదు. ఇంకొకడు పీడీ యాక్టులో పోయి వచ్చాడు, మళ్ళీ అదే పని. బండి ఓనరు వినాయక చవితి ఫ్లెక్సీల్లో చేతులు జోడించి కనిపిస్తుంటాడు. 2015 ఏప్రిల్ 7న చంద్రగిరి పైన అడవిలో పోలీసు కాల్పుల్లో 20 మంది చనిపోతే ఇరవై మందీ తమిళనాడు నుంచి వచ్చినవాళ్ళే. దానికి ముందు 2013 డిసెంబరులో శేషాచలంలో ఇద్దరు అటవీ అధికారులను చంపేశారు. రెండు వైపులా ప్రాణాలు పోయేది అడవిలో తిరిగేవాళ్ళవే, ఫ్లెక్సీలో ఉన్నవాడు అది ఎండకు మాసిపోతే మళ్ళీ కొత్తది కట్టిస్తాడు.

మావాడు మాత్రం మారాడు. సుద్దులు విని మారలేదు. పుత్తూరు వైపు సంబంధం కుదిరింది, మామగారికి పాల వ్యాను ఉంది. ఆయన అంతా తెలిసే పిల్లనిచ్చాడు, తాళాలు కూడా ఇచ్చాడు. శాంప్సన్, లాబ్ అనే ఇద్దరు పరిశోధకులు పాత నేరస్థుల జీవితాలు వెతికి ఇదే కనిపెట్టారట, నిలకడైన పెళ్ళి, నిలకడైన పని మనిషిని తిప్పుతాయని. మా ఊరి ముసలాళ్ళు ఎప్పటి నుంచో “పెళ్ళి చేస్తే కుదురుకుంటాడు” అంటూనే ఉన్నారు. నేను మాత్రం ఆ మాటను పూర్తిగా నమ్మను, కుదురుకోని వాళ్ళ పెళ్ళాల కేసులు కూడా నేనే టైపు చేయించాను.

తెల్లవారుజామున మూడింటికి వ్యాను తీస్తాడు. అప్పట్లో పైలట్‌గా తిరిగిన రోడ్లే, అదే వేళ. చెకింగ్‌లో ఎవరైనా పాతవాళ్ళు ఉంటే ఆపుతారు, క్యాన్ల మూతలు తీయిస్తారు. ఎర్రచందనం కేసు సాక్ష్యం నిలబడక కొట్టేశారు. ఆ తీర్పు పదకొండు పేజీలు. పోయిన నెల చివరి పేజీ పట్టుకుని నా షాపుకు వచ్చాడు, లామినేషన్ చేయమని. బండిలో లైసెన్సు పక్కన పెట్టుకుంటాడట. మొదటిది అంచు దగ్గర ముడత పడితే ఇంకోటి తీశాను. డబ్బులొద్దన్నాను. “పర్లేదు సార్” అని ముప్పై రూపాయలు స్టాప్లర్ కింద పెట్టి పోయాడు.