మా వాడు అలాంటివాడు కాదు, వాడికెందుకీ ట్రైనింగ్?

ప్రశ్న: మాది నల్గొండ. మా అబ్బాయికి అమెరికాలో, ఒహాయో రాష్ట్రంలో ఎంఎస్ సీటు వచ్చింది. వీసా అయింది, టికెట్లు కూడా కొన్నాం. ఇప్పుడు యూనివర్సిటీ నుంచి ఒక మెయిల్ వచ్చింది. లైంగిక హింస నివారణ మీద ఆన్‌లైన్ ట్రైనింగ్ తప్పనిసరిగా పూర్తి చేయాలట, లేకపోతే రిజిస్ట్రేషన్ మీద హోల్డ్ పెడతారట, అంటే ఆపేస్తారట. మా వాడు చెల్లెలితో కూడా గట్టిగా మాట్లాడడు. అలాంటి పిల్లాడికి ఇవన్నీ ఎందుకు? చదివితే అవమానంగా అనిపించింది. కన్సల్టెన్సీ అతను ‘లాగిన్ ఇవ్వండి, మేమే పూర్తి చేసేస్తాం’ అంటున్నాడు. ఇవ్వొచ్చా? మా అమ్మాయి కూడా ఈ ఏడాదే హైదరాబాద్‌లో బీటెక్‌లో చేరుతోంది. అక్కడ ఇలాంటివేవీ అడగలేదు.

జవాబు: అమ్మా, ముందు లాగిన్ సంగతి. ఇవ్వకండి. ఆ పాస్‌వర్డ్‌తోనే మీ అబ్బాయి ఫీజు కడతాడు, కోర్సులు తీసుకుంటాడు, మార్కులు చూసుకుంటాడు. దాన్ని బయటివాళ్ల చేతిలో పెట్టడమంటే బీరువా తాళాలు ఇచ్చేసినట్టే. పైగా తన పేరుతో ఇంకొకరు ట్రైనింగ్ పూర్తి చేశారని తెలిస్తే అక్కడివాళ్లు దాన్ని మోసం కింద లెక్కేస్తారు. మొదటి క్లాసుకు వెళ్లకముందే పిల్లాడి రికార్డు మీద మచ్చ పడుతుంది.

ఇక అవమానం అన్నారు. ఆ మెయిల్ మీ అబ్బాయిని అనుమానించి పంపింది కాదు. కొత్తగా చేరేవాళ్లందరికీ, ఆడపిల్లలకీ మగపిల్లలకీ, అమెరికా వాళ్లకీ బయటి దేశాల వాళ్లకీ వెళుతుంది. దాని వెనక ఒక తల్లీతండ్రీ ఉన్నారు. 1986 ఏప్రిల్‌లో పెన్సిల్వేనియాలోని లీహై యూనివర్సిటీలో జీన్ క్లెరీ అనే 19 ఏళ్ల అమ్మాయిని, హాస్టల్లో తన గదిలోనే, అదే యూనివర్సిటీ విద్యార్థి అత్యాచారం చేసి చంపేశాడు. వాటంతటవే తాళం పడాల్సిన తలుపులు మూసుకోకుండా హాస్టల్ పిల్లలే రాకపోకల సౌకర్యం కోసం అడ్డం పెట్టి ఉంచారు. హంతకుడు ఆ తలుపుల్లోంచే లోపలికి వచ్చాడు. క్యాంపస్‌లో అంతకుముందు జరిగిన నేరాల గురించి తమకు ఎవరూ చెప్పలేదని తర్వాత ఆ తల్లిదండ్రులకు అర్థమైంది. వాళ్లు ఊరుకోలేదు. వాళ్ల పోరాటం వల్లే 1990లో చట్టం వచ్చింది. అప్పటి నుంచి ప్రతి యూనివర్సిటీ తన క్యాంపస్ నేరాల లెక్కను ఏటా అక్టోబరు 1 నాటికి బయటపెట్టాలి. మీ అబ్బాయి చేరబోయే యూనివర్సిటీది కూడా వెబ్‌సైట్‌లో ఉంటుంది. హాస్టల్ ఫొటోలు చూసినట్టే అదీ ఒకసారి చూడమనండి.

2013లో ఆ చట్టానికి మార్పులు చేశారు. కొత్తగా చేరే విద్యార్థులకూ ఉద్యోగులకూ లైంగిక దాడి, డేటింగ్‌లో హింస, గృహహింస, స్టాకింగ్ (వెంటపడి వేధించడం) గురించి యూనివర్సిటీలు ముందే చెప్పాలన్నది అప్పుడు చేర్చిందే. 2024 డిసెంబరులో ఇంకో చట్టం వచ్చి హేజింగ్‌ను, అంటే మన ర్యాగింగ్‌లాంటిదాన్ని, ఇందులో కలిపింది. ఒక చిన్న తేడా గమనించండి. కేంద్ర చట్టం చెప్పేది యూనివర్సిటీ ఈ విషయాలు నేర్పాలని. హోల్డ్ పెట్టి ప్రతి ఒక్కరి చేతా పూర్తి చేయించడం చాలాచోట్ల యూనివర్సిటీలు సొంతంగా పెట్టుకున్న నియమం. పెట్టకపోతే ఎవరూ చేయరని వాళ్లకు తెలుసు.

అవసరమా అని అడిగారు. అవసరమే, మీ అబ్బాయిలాంటి మంచి పిల్లలకు మరీ అవసరం. ఎందుకో చెబుతాను.

కొన్నేళ్ల కిందట నా దగ్గర సలహా తీసుకుని వెళ్లిన కుర్రాడు ఒకడున్నాడు. నెమ్మదస్తుడు, తెలివైనవాడు. ల్యాబ్‌లో తనతో పనిచేసే అమ్మాయిని కాఫీకి రమ్మని అడిగాడు. ఆమె రానంది. మన దగ్గర పెరిగిన కుర్రాడు కదా, ఇంకోసారి అడిగితే మనసు మారుతుందేమో అనుకున్నాడు. ఆమె ఎక్కే బస్‌స్టాప్ దగ్గర నిలబడటం మొదలుపెట్టాడు. పుట్టినరోజు నాడు ఆమె టేబుల్ మీద చాక్లెట్లు పెట్టాడు. రాత్రిళ్లు మెసేజ్‌లు. ఒక్క బూతు మాట లేదు, బెదిరింపు లేదు. ఒకరోజు పొద్దున్నే యూనివర్సిటీ ఆఫీసు నుంచి మెయిల్ వచ్చింది: ఆ అమ్మాయితో ఏ రకంగానూ మాట్లాడకూడదు, నో కాంటాక్ట్ ఆర్డర్. వీడు హడలిపోయి ఏం చేశాడో తెలుసా? ఆమెకు సారీ అని మెసేజ్ పెట్టాడు. జవాబు రాకపోతే మళ్లీ పెట్టాడు. మొత్తం పదకొండు సారీలు. నాకు ఫోన్ చేసి ఏడుస్తూ ఆ స్క్రీన్‌షాట్ పంపాడు. ‘సారీయే కదా చెప్పాను’ అన్నాడు. ఆ పదకొండూ ఆర్డర్‌ను ఉల్లంఘించినట్టే. ల్యాబ్ ఉద్యోగం పోయింది, ఒక సెమిస్టర్ పోయింది. ఆ అమ్మాయి ఎంత భయపడి ఉంటుందో వాడికి అర్థం కావడానికి చాలా నెలలు పట్టింది. ట్రైనింగ్ చేశావా అని అడిగితే, వీడియో ఒక ట్యాబ్‌లో నడుస్తుంటే ఇంకో ట్యాబ్‌లో సినిమా చూశానన్నాడు.

ఆ ట్రైనింగ్‌లో స్టాకింగ్‌కు నిర్వచనం స్పష్టంగా ఉంటుంది. ఒకరిని ఉద్దేశించి రెండు లేదా అంతకంటే ఎక్కువసార్లు చేసిన పనుల వల్ల మామూలు మనిషికి భయం కలిగినా, తీవ్రమైన మనస్తాపం కలిగినా అది స్టాకింగే. చేసినవాడి ఉద్దేశం ప్రేమా, పగా అన్నది అక్కడ పట్టించుకోరు. మనం పిల్లలకు ‘వెంటపడటం’ తప్పని ఎప్పుడు కూర్చోబెట్టి చెప్పాం? తెర మీద హీరో వెంటపడి వెంటపడి ఒప్పించడం చూసి చప్పట్లు కొట్టాం. ఆడపిల్ల ‘వద్దు’ అంటే అదే ఆఖరి మాట అని ఇంట్లోనూ చెప్పలేదు, కాలేజీలోనూ చెప్పలేదు. ఆ వాక్యాన్ని మీ అబ్బాయి మొదటిసారి వినబోయేది బహుశా ఆ ఆన్‌లైన్ పాఠంలోనే, వాళ్లు మాడ్యూల్ అనేదానిలోనే. పరాయి దేశంలో, పరాయి భాషలో అయినా సరే, విననివ్వండి.

రెండో కారణం ఇంకా పెద్దది. ఆ ట్రైనింగ్‌లో మీ అబ్బాయిని నేరస్తుడిగా ఊహించి చెప్పే భాగం తక్కువ. సాక్షిగా ఊహించి చెప్పేది ఎక్కువ. పక్కన ఏదైనా జరుగుతుంటే నువ్వేం చేస్తావు అన్నది అందులో అసలు ప్రశ్న. 2015 జనవరిలో ఒక రాత్రి స్టాన్‌ఫర్డ్ యూనివర్సిటీలో ఇద్దరు పీజీ విద్యార్థులు సైకిళ్ల మీద వెళుతున్నారు. ఇద్దరూ స్వీడన్ వాళ్లు, మీ అబ్బాయిలాగే బయటి దేశం నుంచి చదువుకోవడానికి వచ్చినవాళ్లు. ఒక చెత్తకుండీ వెనక నేల మీద కదలకుండా పడి ఉన్న అమ్మాయి, ఆమె మీద ఒకడు కనిపించారు. మనకెందుకులే, ఊరు కాని ఊరు, వీసా మీద ఉన్నాం అనుకుని ఆ ఇద్దరూ వెళ్లిపోలేదు. ఆగి ‘ఏం చేస్తున్నావు’ అని అడిగారు. వాడు పారిపోతే తరిమి పట్టుకుని, పోలీసులు వచ్చేదాకా వదల్లేదు. కోర్టులో వాళ్ల సాక్ష్యం కీలకమైంది, వాడి నేరం రుజువైంది. స్పృహ లేని మనిషి ఒప్పుకోవడం అంటూ ఉండదని ఆ కేసు ప్రపంచానికంతటికీ చెప్పింది.

ప్రతిసారీ తరిమి పట్టుకోవాలని ఏ ట్రైనింగూ చెప్పదు. పార్టీలో ఎక్కువ తాగిన అమ్మాయిని ఎవడో గదిలోకి తీసుకెళుతుంటే ‘నీ ఫ్రెండ్ నిన్ను వెతుకుతోంది’ అని ఆమెతో అనడం, అతన్ని ఏదో మాటల్లో పెట్టడం, ఇంకొకరిని పిలవడం, తనవల్ల కాకపోతే అక్కడి అత్యవసర నంబరు 911కు ఫోన్ చేయడం, మర్నాడు ఆమెను ‘బాగున్నావా’ అని అడగడం. ఇవన్నీ నేర్చుకుంటే వచ్చే పనులు. నేర్చుకోకపోతే ఆ క్షణంలో కాళ్లూ చేతులూ ఆడవు.

ఇది ఎక్కడో అరుదుగా జరిగేది అనుకోవద్దు. 2019లో అక్కడి 33 పెద్ద యూనివర్సిటీల్లో సర్వే చేస్తే, చేరినప్పటి నుంచి బలవంతంగానో, ఒప్పుకునే స్థితిలో లేనప్పుడో తమతో లైంగికంగా ప్రవర్తించారని 13 శాతం విద్యార్థులు చెప్పారు. డిగ్రీ చదివే అమ్మాయిల్లోనైతే నలుగురిలో ఒకరు.

ఒక మాట దాచకుండా చెప్పాలి. ఒక గంట వీడియో చూసి నెక్స్ట్ బటన్ నొక్కినంత మాత్రాన మనుషులు మారిపోరు. ఫలితం చూపించిన శిక్షణలు వేరేలా ఉన్నాయి. కెనడాలో మొదటి ఏడాది చదివే 893 మంది అమ్మాయిలతో ఒక అధ్యయనం చేశారు, 2015లో దాని ఫలితాలు వచ్చాయి. మూడేసి గంటల చొప్పున నాలుగు విడతలు, మనుషులు ఎదురుగా కూర్చుని మాట్లాడి, సాధన చేయించిన శిక్షణ అది. ఏడాది తిరిగేసరికి శిక్షణ పొందినవాళ్లలో అత్యాచారానికి గురైనవాళ్లు 5.2 శాతం, కేవలం కరపత్రాలు అందుకున్న మిగతావాళ్లలో 9.8 శాతం. అంటే దాదాపు సగానికి తగ్గింది. కాబట్టి ఆన్‌లైన్ మాడ్యూల్‌ను అక్షరాభ్యాసం అనుకోమనండి. క్యాంపస్‌లో దిగాక, సాక్షిగా ఎలా జోక్యం చేసుకోవాలో ఎదురుగా నేర్పే వర్క్‌షాప్ ఉంటే దానికీ వెళ్లమనండి. చాలాచోట్ల ఉచితమే. దాన్ని తప్పనిసరి చేయాలన్నది నా గట్టి అభిప్రాయం. తప్పనిసరి చేసింది ఆన్‌లైన్ వీడియోను కాబట్టి, కనీసం దాన్నైనా శ్రద్ధగా చూడాలి.

నేను కెరీర్ సలహాలు ఇచ్చేవాణ్ని కాబట్టి ఆ వైపు కూడా చెప్పాలి. విచారణలో తప్పు తేలి సస్పెండ్ చేసినా, తీసేసినా సెవిస్ రికార్డు, అంటే విదేశీ విద్యార్థుల గురించి అమెరికా ప్రభుత్వం ఉంచే రికార్డు, రద్దవుతుంది. దానితో ఎఫ్-1 స్టేటస్, అంటే విద్యార్థిగా అక్కడ ఉండే అర్హత, పోతుంది, చదువుకు సంబంధించిన ఉద్యోగం చేసుకోవడానికి ఇచ్చే ఓపీటీ అనుమతి మీద ఆశ కూడా పోతుంది. కోర్టులో స్టాకింగ్‌, గృహహింస నేరాలు రుజువైతే అవి దేశం నుంచి పంపించేయదగ్గ నేరాలు. ఇంకోటి, మీ అబ్బాయికి టీఏ (టీచింగ్ అసిస్టెంట్) ఉద్యోగం దొరికితే, తన దగ్గర చదివే విద్యార్థి ఎవరైనా ఇలాంటి బాధ చెప్పుకుంటే దాన్ని టైటిల్ నైన్ ఆఫీసుకు, అంటే ఇలాంటి ఫిర్యాదులు చూసే యూనివర్సిటీ ఆఫీసుకు, తెలియజేయాల్సిన బాధ్యత చాలా యూనివర్సిటీల్లో టీఏల మీద ఉంటుంది. ‘ఎవరికీ చెప్పనులే’ అని మాట ఇచ్చేసి ఇరుక్కుపోయినవాళ్లున్నారు. తన యూనివర్సిటీలో నియమం ఏమిటో ఆ ట్రైనింగ్‌లోనే తెలుసుకోవాలి. ఉద్యోగంలో చేరాక కూడా ఇది వదలదు. కాలిఫోర్నియా, న్యూయార్క్‌లాంటి రాష్ట్రాల్లో కంపెనీలు ఉద్యోగులకు లైంగిక వేధింపుల నివారణ శిక్షణ ఇచ్చి తీరాలి.

మీ అబ్బాయికే ఏదైనా జరగొచ్చని కూడా ఆలోచించండి. మగపిల్లలు బయటికి చెప్పరు, అంతే. రూమ్‌మేట్ కొట్టినా, ఇంకెవరైనా వేధించినా ఫిర్యాదు చేస్తే వీసా పోతుందని మనవాళ్లు నోరు మూసుకుంటారు. ఫిర్యాదు చేసినందుకు వీసా పోదు. అసలు విచారణ కోరకుండానే గది మార్చమని, క్లాసు మార్చమని, నో కాంటాక్ట్ ఆర్డర్ ఇవ్వమని అడగొచ్చు. విషయం ఎక్కడికీ వెళ్లకూడదనుకుంటే ముందు కౌన్సెలింగ్ సెంటర్‌లో మాట్లాడాలి, అక్కడ గోప్యంగా ఉంచుతారు. ఒక్క జాగ్రత్త మాత్రం చెప్పండి. మనసు బాగాలేక కోర్సు వదిలేయాలనిపిస్తే వదిలేసే ముందే డీఎస్ఓను, అంటే విదేశీ విద్యార్థుల వీసా వ్యవహారాలు చూసే యూనివర్సిటీ అధికారిని, కలవాలి. ఆరోగ్య కారణంతో కోర్సులు తగ్గించుకోవడానికి అనుమతి దొరుకుతుంది. అనుమతి లేకుండా తగ్గించుకుంటే మాత్రం స్టేటస్ పోతుంది. ఒకవేళ తన మీదే ఫిర్యాదు వస్తే, ఎదుటివారికి ఒక్క మెసేజ్ కూడా పెట్టకూడదు. విచారణలో పక్కన సలహాదారును పెట్టుకునే హక్కు ఉంటుంది, దాన్ని వాడుకోవాలి.

ఇక అమ్మాయి సంగతి. అక్కడ ఇలాంటివేవీ అడగలేదన్నారు, కానీ అడుగుతారు. అడ్మిషన్ కాగితాల్లో యాంటీ ర్యాగింగ్ అఫిడవిట్ ఒకటి ఉంటుంది. 2009లో యూజీసీ తెచ్చిన నిబంధనల ప్రకారం విద్యార్థీ, తల్లిదండ్రులూ కూడా దాన్ని ఇవ్వాలి. మనం చూపించిన చోటల్లా సంతకం పెట్టేసి వస్తాం. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో 1997లోనే ర్యాగింగ్ నిషేధ చట్టం వచ్చింది. అందులో ఆటపట్టించి అవమానించినందుకు కూడా ఆరు నెలల దాకా జైలు ఉంది. విద్యార్థినుల మీద లైంగిక వేధింపుల గురించి యూజీసీ 2015లో విడిగా నిబంధనలు పెట్టింది. ప్రతి కాలేజీలో అంతర్గత ఫిర్యాదుల కమిటీ ఉండాలి, అందులో ఎవరున్నారో అందరికీ తెలిసేలా పెట్టాలి. అక్కడిలా మాడ్యూల్, హోల్డ్ ఇక్కడ చాలా కాలేజీల్లో లేవు. రెండు గంటల ఓరియంటేషన్‌లో పావుగంట ప్రసంగంతో సరిపెడతారు. ఇది నాకు నిజంగా బాధ కలిగించే విషయం.

అందుకని అడ్మిషన్ రోజున మీరే అడగండి: కమిటీలో ఎవరున్నారు, ఫిర్యాదు ఎవరికి, ఏ నంబరుకు చేయాలి? పేర్లు వెంటనే చెప్పలేకపోతే అదే మీకు జవాబు. ర్యాగింగ్ హెల్ప్‌లైన్ 1800-180-5522 అమ్మాయి ఫోన్‌లో సేవ్ చేయించండి. అబ్బాయి విమానం ఎక్కేలోపు ఒక సాయంత్రం ఆ మాడ్యూల్ పెట్టుకుని కూర్చుంటే, అమ్మాయిని కూడా పక్కన కూర్చోబెట్టండి. ఇంగ్లిష్‌లో అర్థం కానిచోట ఆపి మీకు తెలుగులో చెప్పమనండి. ‘వద్దంటే వద్దనే అర్థం’ అని మీ అబ్బాయి తన నోటితో మీకూ చెల్లెలికీ చెప్పాల్సి వస్తుంది. పూర్తయ్యాక సర్టిఫికెట్ డౌన్‌లోడ్ చేసి పెట్టుకోమనండి. హోల్డ్ తొలగడానికి ఒకటి రెండు రోజులు పట్టొచ్చు కాబట్టి రిజిస్ట్రేషన్ తేదీ దాకా ఆగొద్దు.