మా జాతలో నేను తాగుబోతు వేషం వేసేవాణ్ణి

"మా ఊళ్లో పది మందిమి కలిసి పాటలు, వీధి నాటకాలతో ఒక బృందం పెడదామనుకుంటున్నాం. స్థానిక కళాకారుల వల్ల ఊళ్లు నిజంగా మారతాయా? మీలో ఎవరైనా కళ్లారా చూశారా?" అని ఇక్కడ ఒకరు అడిగారు. నేను చూశాను. ఆ బృందంలో నేనూ ఒకణ్ణి.

1991లో నెల్లూరు జిల్లాలో సంపూర్ణ అక్షరాస్యత ఉద్యమం నడిచింది. పెద్దవాళ్లను రాత్రి బడులకు రప్పించాలని, పాటలు పాడి నాటకాలాడే కళాజాతలను ఊరూరా తిప్పారు. అప్పుడు నేను కావలిలో డిగ్రీ చదువుతున్నాను, పంతొమ్మిదేళ్లు. మా జాతలో ఎనిమిది మందిమి. ఒక డప్పు, ఒక డోలక్, రెండు జతల గజ్జెలు, మనిషికో తువ్వాలు. మేకప్పు లేదు, తెర లేదు, మైకు అసలే లేదు. తువ్వాలు తలకు చుడితే రైతు, నడుముకు బిగిస్తే కూలీ, భుజాన వేసుకుంటే ప్రెసిడెంటు. సాయంత్రం డప్పు కొట్టుకుంటూ వీధులన్నీ తిరిగేవాళ్లం. ఎవరింట్లో పెడితే వాళ్లింట్లో అన్నం తిని, రచ్చబండ దగ్గర ఆడి, బడి వరండాలో పడుకుని, పొద్దున్నే ఇంకో ఊరికి పోయేవాళ్లం.

నాటకంలో నాది తాగుబోతు మొగుడి వేషం. నాకంటే బాగా నటించేవాళ్లు బృందంలో ఉన్నారు. కానీ రిహార్సల్ మొదటి రోజే ఆ వేషం నాకివ్వమన్నారు. తాగినవాడు ఎట్లా నడుస్తాడో చేసి చూపించమంటే అందరూ తూలుతూ నడిచారు. నేను తూలలేదు. మా నాన్న తాగొస్తే తూలడు. తాగలేదని అమ్మకు చూపించడానికి మామూలు కంటే నిటారుగా, అడుగు చూసుకుని అడుగేస్తూ వస్తాడు. గడప దగ్గర మాత్రం ఒక్క క్షణం ఆగి, చెప్పులు వెతుక్కుంటున్నట్టు కిందికి చూస్తాడు. నేను ఆ నడకే నడిచాను. రిహార్సల్ చూస్తున్న వాళ్లలో ఇద్దరు ముగ్గురు తల పక్కకు తిప్పుకున్నారు. వాళ్ల ఇళ్లలోనూ అదే నడక ఉందని నాకప్పుడు అర్థమైంది.

ఉదయగిరి వైపు మెట్టలో ఒక ఊరికి పోయాం. ఊరి పేరు రాయను, ఆ మనుషులు ఇంకా ఉన్నారు. ఆడవాళ్లంతా నేల మీద మాకు నాలుగు అడుగుల దూరంలో కూర్చున్నారు. మా నాటకంలో మొగుడు ఇంటికొచ్చి, పెళ్లాం దాచిన కూలి డబ్బుల కోసం బియ్యం డబ్బా, పోపుల డబ్బా, ఉట్టి అన్నీ వెతుకుతాడు. ప్రతి ఊళ్లో అక్కడ జనం నవ్వేవాళ్లు. అక్కడా నవ్వారు. ముందు కూర్చున్న ఒక ముసలామె మాత్రం నవ్వలేదు. చెయ్యెత్తి నన్ను ఆపింది.

"ఆగు అబ్బయ్యా. వాడు డబ్బాలు యాడ వెతుకుతాడు? కొంగుముడి విప్పుతాడు. నేను నిద్దర్లో ఉన్నా విప్పుతాడు."

నవ్వులు ఆగిపోయాయి. నేను డబ్బా మూత చేతిలో పట్టుకుని అట్లాగే నిలబడిపోయాను. కొంగుముడి సంగతి నాకు తెలియంది కాదు. మా అమ్మ రాత్రిళ్లు కొంగు చేతికి చుట్టుకుని, ఆ చెయ్యి తల కింద పెట్టుకుని పడుకునేది. రిహార్సల్లో ఆ మాట నేను బయటపెట్టలేదు. డబ్బాలు వెతికితే జనం నవ్వుతారు కదా అని అందరూ అంటే నేనూ ఊరుకున్నాను.

భార్య వేషం వేసిన అక్క మా ఊరి అంగన్‌వాడీ టీచరు. నాటకం పక్కనపెట్టి ముసలామె పక్కన కూర్చుంది. "ఎట్లా విప్పుతాడో చూపించు పెద్దమ్మా" అని అడిగింది. పెద్దమ్మ లేచి మా మధ్యకు వచ్చింది. నా చెయ్యి పట్టుకుని తన కొంగుముడి మీద పెట్టి, "ఇట్లా. చప్పుడు కాకుండా. నేను మేలుకున్నానని వాడికి తెలుసు, వాడు విప్పుతున్నాడని నాకు తెలుసు" అంది. వెనకనుంచి ఇంకొకామె, "మావాడు బ్లేడుతో కోశాడు, కోక కూడా పాయె" అంది. ఆ తర్వాత ఒకరి మాట ఒకరు అందుకున్నారు. మగవాళ్లలో కొందరు లేచిపోయారు, కొందరు తలొంచుకుని కూర్చున్నారు. నాటకం ఆ రాత్రి పూర్తి కాలేదు. పెట్రోమాక్స్‌లో కిరసనాయిలు అయిపోయేదాకా ఆ ఆడవాళ్లే మాట్లాడారు.

మర్నాటి నుంచి డబ్బాల సీను తీసేసి కొంగుముడి సీను పెట్టాం. తర్వాత ఆడిన ఏ ఊళ్లోనూ అక్కడ ఎవరూ నవ్వలేదు.

మేము వాళ్లకు కొత్తగా చెప్పిందేమీ లేదు. సారా కొంపలు కూలుస్తుందని వాళ్లకు మాకంటే బాగా తెలుసు. కానీ ఎవరింటి సంగతి వాళ్లింట్లోనే ఉండేది. పక్కింటామెకూ అదే గతి అని లోలోపల తెలిసినా, నలుగురిలో అనడానికి ఒక సందర్భం కావాలి. బయటినుంచి వచ్చిన ఆఫీసరు ఉపన్యాసం ఇస్తే ఆ సందర్భం రాదు. తమలాగే మాట్లాడే కుర్రాడు, తమ మొగుడి నడక నడిస్తే వస్తుంది. నేను దీన్ని గట్టిగా నమ్ముతాను. ముప్పై ఏళ్లు దాటినా ఆ నమ్మకం ఇసుమంత తగ్గలేదు.

తర్వాతి కథ చాలామందికి తెలుసు. ఆ ఆడవాళ్లే రాత్రి బడిలో రోజూ కలుసుకున్నారు. అక్కడి వాచకంలో సీతమ్మ కథ అనే పాఠం, సారా వల్ల చెడిన సంసారం గురించి. 1992లో మా జిల్లాలోనే దూబగుంట అనే ఊళ్లో రోశమ్మ, తోటి ఆడవాళ్లు సారా కొట్టు మూయించారు. అక్కడినుంచి ఊరూరికీ పాకింది. సారా ప్యాకెట్లు తెచ్చే జీపులను ఆడవాళ్లు పొలిమేరలోనే ఆపేశారు, సారా వేలం పాటలు పదే పదే వాయిదా పడ్డాయి. 1993 ఏప్రిల్‌లో నెల్లూరు జిల్లాలో, అక్టోబరు 1 నుంచి రాష్ట్రమంతటా సారా నిషేధించారు. 80లలో వారుణి వాహిని పేరుతో సారాను ప్యాకెట్లలో ఊళ్లకు చేర్చే ఏర్పాటు చేసింది ప్రభుత్వమే. చదువు చెప్పించిందీ ప్రభుత్వమే. ఆ చదువే దాని ఖజానాకు ఎదురు తిరిగింది.

ఈ ఉద్యమం గురించి రాసేవాళ్లు పాఠం గురించి రాస్తారు, కలెక్టర్ల గురించి రాస్తారు. డప్పు మోసినవాళ్ల ఊసు ఎక్కడో ఒక వాక్యంలో వచ్చి పోతుంది. నాకు అది బాధగా ఉంటుంది. పాఠం చదవాలంటే ముందు బడికి రావాలి కదా. పగలంతా నాట్లేసి వచ్చిన మనిషి రాత్రి పలక పట్టుకోవడానికి ఊరికే వస్తుందా? పాట విని వచ్చింది, నాటకంలో తన ఇల్లు చూసుకుని వచ్చింది.

ఇక ఇప్పటి సంగతి. ఈమధ్య ఒక మండలంలో ప్రభుత్వ పథకం ప్రచారానికి వచ్చిన బృందాన్ని చూశాను. పిల్లలు బాగా పాడుతున్నారు, మంచి గొంతులు. కానీ పాట పైనుంచి రాసిచ్చింది. మనిషంత స్పీకరు బాక్సులు రెండు పెట్టారు. ఎదురుగా కూర్చున్న పెద్దమ్మ ఏదైనా అనాలనుకున్నా ఎవరికి వినపడుతుంది? అరగంటలో ముగించి, బ్యానరు ముందు ఫొటో దిగి ఇంకో ఊరికి పోయారు. ఆ పిల్లలను నేను తప్పుపట్టను. ఆడిన ప్రోగ్రాముల డబ్బులే నెలల తరబడి రాలేదని వాళ్లలో ఒకడు నాతో చెప్పాడు. కళాకారుడికి కూలి ఆపేసి ఊరు మార్చమంటే ఎట్లా?

మైకు గురించి నా మాట చాదస్తంగా అనిపించవచ్చు. అయినా అంటాను. మైకు లేకపోతే జనం దగ్గరగా జరుగుతారు. దగ్గరగా ఉంటే మాట అడ్డం వేస్తారు. ఆ అడ్డం వేసిన మాట కోసమే మనం ఊరూరా తిరిగేది.

పాతవాళ్లకు ఇది తెలుసు. బుర్రకథలో కథకుడి పక్కన ఇద్దరు వంతలు ఉంటారు. ఒకరు హాస్యం చెబితే, రెండోవారు రాజకీయం చెబుతారు. నడుస్తున్నది ఏ వీరుడి కథైనా, ఊరి కరణం గురించీ కరువు గురించీ మధ్యలో ఒక మాట అనడానికి ఆ వంతకు హక్కుంది. పొన్నెకల్లు నాజర్ 40లలో కమ్యూనిస్టుల కళాసంఘం ప్రజానాట్యమండలి తరఫున బుర్రకథ చెప్పింది ఈ పద్ధతిలోనే. మీ బృందంలో కూడా అట్లాంటి ఖాళీ ఒకటి వదలండి. ఏ ఊరికి పోతే ఆ ఊరి మాట పట్టేలా.

మరి మీ నాన్న మారాడా అని అడుగుతారు. మా ఊళ్లో ఆడినరోజు ఆయన వేపచెట్టు కింద నిలబడి చూశాడు. నేను గడప దగ్గర ఆగి కిందికి చూసినప్పుడు గుర్తుపట్టాడు. కొంగుముడి సీను రాకముందే వెళ్లిపోయాడు. తాగుడు మానలేదు. ప్యాకెట్లు ఆగిపోయాక తగ్గింది. 1995లో పూర్తి మద్యనిషేధం పెట్టి 1997లో ఎత్తేశాక మళ్లీ మొదలైంది. కానీ మా వీధి ఆడవాళ్లు నలుగురు ఆ వారంలోనే ఒక పని చేశారు. కూలి డబ్బులన్నీ ఒకే డాల్డా డబ్బాలో వేసి, వీధి చివరి ముసలమ్మ ఇంట్లో పెట్టారు. ఆ ఇంటి గడప తొక్కే ధైర్యం వాళ్ల మొగుళ్లలో ఎవరికీ లేదు. సెలవులకు ఇంటికొచ్చినప్పుడు చూశాను, అమ్మ కొంగు చేతికి చుట్టుకోకుండా పడుకుంది.

మొదటి ప్రదర్శన ఎప్పుడో ఇక్కడ రాయండి. నెల్లూరు చుట్టుపక్కలైతే తప్పకుండా వస్తాను. డోలక్ వాయించేవాళ్లు లేకపోతే ముందే చెప్పండి, నా డోలక్ ఇంకా పాడవలేదు.