పెళ్లి పీటల మీద చెమట, మేకప్

ప్రశ్న: మే నెలలో మా చెల్లి పెళ్లి. దానిది జిడ్డు చర్మం. నిశ్చితార్థం రోజు మేకప్ వేసిన గంటకే ముక్కు పక్కన, పై పెదవి మీద ఫౌండేషన్ విడిపోయింది. పౌడర్ అద్దినకొద్దీ ఇంకా పాడైంది. ఏం చేయాలి?
– ఓ పాఠకురాలు, కాకినాడ

జవాబు: తడి మీదే పౌడర్ అద్ది ఉంటారు. చెమట నీరు, జిడ్డు నూనె. పౌడర్ నూనెను పీల్చుకుంటుంది కానీ నీళ్లు తగిలితే ముద్ద కడుతుంది. ముందు టిష్యూను ఒంటిపొరగా విడదీసి, చెమట పట్టినచోట అదిమి, మూడు నాలుగు సెకన్లు ఉంచి ఎత్తేయండి. తుడిస్తే ఫౌండేషన్ కూడా ఊడొస్తుంది. ఆరాకే పౌడర్, అదీ పఫ్‌తో కొంచెంగా.

అసలు జాగ్రత్త మంగళస్నానం దగ్గరే మొదలవ్వాలి. తలకు పెట్టిన నూనె పూర్తిగా వదలకపోతే ఉక్కకు నుదుటి మీదకు దిగుతుంది. ఫౌండేషన్‌కు ముందు రాసే ప్రైమర్ ఎంత ఖరీదైనదైనా దాని మీద నిలవదు. తలకు రెండుసార్లు షాంపూ పెట్టి, నుదుటి అంచు, చెవుల వెనక ఫేస్‌వాష్‌తో కడగమనండి. ఆపైన పావుగంట ఫ్యాన్ కింద కూర్చోబెట్టండి. ఒళ్లు చల్లబడకుండా మేకప్ మొదలుపెట్టొద్దు. ఐస్ పెట్టాలనుకుంటే పల్చటి గుడ్డలో చుట్టి, ఒకచోట ఆపకుండా, నిమిషం చాలు.

జిడ్డు చర్మం కదా అని మాయిశ్చరైజర్ మానేయకండి. పొడిబారినచోట ఫౌండేషన్ అట్టలు కడుతుంది. బఠాణీ గింజంత జెల్ మాయిశ్చరైజర్ రాసి ఐదు నిమిషాలు ఆగండి. ప్రైమర్ ముక్కు, నుదురు మధ్య, గడ్డం వరకే. ప్రైమర్, ఫౌండేషన్ ఒక్కో చుక్క ముందురోజే చేతి మీద కలిపి చూడండి. విరిగిన పాలలా విడిపోతే ఆ జత పనికిరాదు. సిలికాన్ ప్రైమర్ మీద నీళ్ల ఫౌండేషన్ వేస్తే తరచూ ఇలాగే అవుతుంది.

ఫౌండేషన్‌ను తడిపి గట్టిగా పిండిన స్పాంజితో అద్దుతూ రెండు పల్చటి పొరలు వేయాలి. పై పెదవికి, ముక్కు పక్కలకు స్పాంజికి మిగిలిందే చాలు. అక్కడ మందంగా పడితే నవ్వినప్పుడల్లా పగులుతుంది. పౌడర్ అదిమాక, మేకప్ చెదరకుండా పట్టి ఉంచే సెట్టింగ్ స్ప్రే మూరెడు దూరం నుంచి కొట్టి ఆరనివ్వండి. సిలికా ఉన్న తెల్ల పౌడర్లు కొన్ని ఫ్లాష్ పడితే బూడిద రాసినట్టు కనిపిస్తాయి. ముందురోజే ఫోన్‌తో ఫ్లాష్ ఫొటో తీసి చూసుకోండి.

తిలకం దిద్దే చోట పౌడర్ తప్పనిసరి, లేకపోతే అంచులు పాకుతాయి. బుగ్గలకు క్రీమ్ బ్లష్ వేస్తే తలంబ్రాల పసుపు అంటుకుని ఎంతకీ పోదు. దాని మీద పౌడర్ బ్లష్ వేయండి. టిష్యూలు, పఫ్ పట్టుకుని ఒకరు పెళ్లికూతురి పక్కనే ఉండాలి. హోమం వేడికి మళ్లీ చెమట పడుతుంది, అప్పుడూ ముందు టిష్యూయే.

ప్రశ్న: చంకలకు వాడే రోల్-ఆన్ నుదుటికి రాయొచ్చా?
– మరో పాఠకురాలు

జవాబు: వద్దండీ. అందులోని సువాసనలు, ఆల్కహాల్, అల్యూమినియం లవణాలు ముఖానికి మంట, దద్దుర్లు తేవొచ్చు. చెమటతో కలిసి కళ్లలోకి దిగితే మరీ ప్రమాదం. ఏసీ గదిలో ఊరికే కూర్చున్నా ముఖం మీద చెమట కారిపోతుంటే చర్మవైద్యుల్ని కలవండి. థైరాయిడ్ ఎక్కువైనా అలా పట్టొచ్చు, పరీక్ష చేయిస్తారు. ముఖం చెమటకు మందులున్నాయి, కానీ అవి ఒంటికి పడతాయో లేదో తెలియాలి కాబట్టి పెళ్లికి నెలన్నర ముందే వెళ్లండి.