చెలకకు పటం గీసే ముందు

చిరంజీవి చిన్నోడికి,

పెద్దబాపు ఆశీస్సులు. ఉపగ్రహం ఫొటోలు చూసి వ్యవసాయం చేస్తానన్నావు, సంతోషం. కానీ ఆ రంగుల పటంతో మొదలుపెట్టకు. ముందు మన భూమి పటం నువ్వే గీసుకో. అది లేనిదే ఆ రంగులు నీకేమీ చెప్పవు.

గూగుల్ ఎర్త్ తెరిచి గెట్ల వెంట గీత గీయి. ఆ తర్వాత బోరు, స్టార్టరు డబ్బా, గేట్‌వాల్వులు, భూమిలో పైపులైను మలుపులు. పైపులైనును తేలిగ్గా తీసుకోకు. పూడ్చిన కొన్నేండ్లకు అది ఎటు పోయిందో పూడ్చినవాళ్లకే యాదికుండదు, జేసీబీ పళ్లు తగిలినంక బయటపడుతుంది. కొత్త లైను వేసినప్పుడు కందకం పూడ్చకముందే ప్రతి మలుపు దగ్గరా నిలబడి ఫోన్‌లో గుర్తు పెట్టు. నీళ్లు పడని బోర్లనూ వదలకు, ఎన్ని అడుగులు దింపారో పక్కన రాయి. వాటి నోళ్లు మూసి ఉన్నాయో లేదో అప్పుడే చూసుకో, పిల్లలు తిరిగే చోటు.

పైన ఎర్రచెలక, కింద నల్లరేగడి, వాగు పక్క చౌడు. ఈ మూడింటినీ పటంలో వేర్వేరుగా గీసి, మట్టి పరీక్షకు నమూనాలూ వేర్వేరుగా తియ్యి. ఒక్కో ముక్కలో 8–10 చోట్ల 6 అంగుళాల లోతున తీసి, కలిపి, అర కిలో పంపితే చాలు. పెంట పోసిన చోట, చెట్టు నీడలో మాత్రం తియ్యకు.

ఇక ఉపగ్రహం. సెంటినెల్-2 అనే ఉపగ్రహం ఫొటోలు కోపర్నికస్ బ్రౌజర్ అనే వెబ్‌సైటులో ఉచితంగా దొరుకుతాయి. అందులో ఒక్కో చుక్క 10 మీటర్ల చదరం, అంటే దాదాపు మన గుంట. ఎకరానికి 40 చుక్కలన్నమాట. గెట్టు మీద పడ్డ చుక్కలో పక్కవాళ్ల చేను, వేపచెట్టు కలిసిపోతాయి, వాటిని లెక్కలోకి తీసుకోకు. పచ్చటి ఆకు ఎర్ర వెలుగును పీల్చుకొని, మన కంటికి కనిపించని పరారుణ వెలుగును వెనక్కి పంపుతుంది. ఆ రంగుల పటంలో కనిపించే ఎన్‌డీవీఐ అనే పచ్చదనం కొలత ఆ తేడా లెక్కే. ఆ పచ్చదనం పత్తిదా, గడ్డిదా అన్నది దానికి తెలియదు. మొక్కలు చిన్నగా ఉన్నప్పుడు కనిపించేదంతా మట్టే కాబట్టి సాళ్లు కమ్మినంక చూడు. వానకాలంలో మబ్బుల వల్ల వారాల తరబడి మంచి ఫొటో రాకపోవచ్చు.

చేనులో ఒకచోట పచ్చదనం తగ్గిందనుకో, దాన్ని నీ పటం మీద పెట్టి చూడు. పైపులైను కొసనుంటే నీళ్లు అందుతున్నాయో లేదో చూడాలి. రేగడి పల్లంలో, పెద్దవాన తర్వాత కనిపిస్తే నీళ్లు నిలిచి వేర్లు దెబ్బతిన్నాయేమో. పాత ఏండ్ల ఫొటోల్లోనూ అదే చోట అట్లనే ఉంటే మట్టిని అనుమానించు. ఈ ఏడే కొత్తగా వస్తే పురుగో తెగులో కావచ్చు. ఏదైనా సరే, అక్కడిదాకా నడిచిపోయి, ఒక మొక్క పీకి వేరు చూడకుండా యూరియా బస్తా విప్పకు.

ఇంకొకటి గట్టిగా చెప్తున్నా. ఫోన్ జీపీఎస్ నాలుగైదు మీటర్లు అటూ ఇటూ చూపిస్తుంది. దాన్ని పట్టుకొని హద్దు గురించి పక్కవాళ్లతో మాటకు పోకు. సర్వేయరు టిప్పన్ (సర్కారు దగ్గరుండే భూమి కొలతల పటం) చూసి కొలిస్తేనే హద్దు.

పటం పూర్తయినంక పెద్ద కాగితం మీద ప్రింటు తీయించి, లామినేషన్ చేయించి స్టార్టరు డబ్బా పక్కన కట్టు. నువ్వు ఊళ్లో లేనప్పుడు నీళ్లు పెట్టేది మీ బాపే. ఏ వాల్వు ఏ మడికో ఆయనకు ఫోన్ లేకుండానే కనబడాలి.

మీ పెద్దబాపు