గంజాయి డబ్బుతో గెలిచిన కప్పు

ప్రశ్న: అమెరికా రేసర్ ర్యాండీ లానియర్ స్మగ్లర్ కదా, ఆయన గెలుపులను ఇంకా తలుచుకోవాలా? (ఓ పాఠకుడు, విజయవాడ)

జవాబు: తలుచుకోవాలండీ, కానీ మొత్తం కథతో కలిపే. 1984లో బ్లూ థండర్ అనే సొంత టీమ్‌తో ఆయన ఇమ్సా జీటీ అనే అమెరికా స్పోర్ట్స్ కార్ల రేసుల సిరీస్‌లో చాంపియన్ అయ్యాడు. పెద్ద పెద్ద కంపెనీల టీమ్‌లు పోటీలో ఉంటే ఈయన కారు మీద చెప్పుకోదగ్గ స్పాన్సర్ పేరే లేదు, మరి ఇంజిన్లకీ టైర్లకీ అంత డబ్బు ఎక్కడిదని టీమ్‌లు కార్లు సిద్ధం చేసుకునే ప్యాడక్‌లో గుసగుసలు. కొలంబియా నుంచి ఓడల్లో, బార్జ్‌లలో తెచ్చిన గంజాయిది! 1986లో ఇండియానాపొలిస్ 500 అనే అమెరికా పెద్ద కార్ రేసులో పదో స్థానంలో వచ్చి, ఆ ఏడాది ఉత్తమ కొత్త డ్రైవర్ అవార్డూ అందుకున్నాడు. 1988లో పెరోల్ లేని యావజ్జీవం పడింది, బయటికొచ్చింది 2014లో.

స్టీరింగ్ పట్టిన చేతుల్లో నైపుణ్యం నిజమే, అది ఏ డబ్బుతోనూ కొనలేరు. కానీ నాకు గుర్తొచ్చేది ఆయన వెనకాల నిజాయితీగా అప్పులు చేసి కారు నడిపి ఓడిపోయినవాళ్లు, వాళ్ల పేర్లు మనలో ఎవరికీ తెలియవు.