ఫ్రెంచ్ రెసిస్టెన్స్‌లో (రెండో ప్రపంచ యుద్ధంలో నాజీ ఆక్రమణను ఎదిరించిన రహస్య ఉద్యమంలో) ఆడవాళ్లు కరపత్రాలు మోయడం తప్ప ఇంకేమైనా చేశారా?

కరపత్రంతో దొరికితే ప్రాణం పోయే రోజుల్లో దాన్ని మోయడం చిన్న పని ఎలా అవుతుందో ముందు నాకు అర్థం కాలేదు. సరే, నాకు బాగా తెలిసిన ఒక్క మనిషి గురించి చెబుతాను. మారీ క్లోద్ వయ్యాఁ-కుత్యూరియే.

1912లో పారిస్‌లో పుట్టారు. ఫొటోగ్రాఫర్. పత్రికల తరఫున ఆడవాళ్లు కెమెరా పట్టుకుని తిరగడమే అరుదైన కాలంలో, హిట్లర్ గద్దెనెక్కిన 1933లోనే జర్మనీ వెళ్లి దహావ్ అనే నాజీ నిర్బంధ శిబిరాన్ని దొంగచాటుగా ఫొటోలు తీశారు. ఆమె గురించి ఎక్కడ చదివినా కమ్యూనిస్టు పార్టీ పత్రిక 'యుమానితే' ఎడిటర్ పాల్ గారి భార్య అనే మొదలుపెడతారు. నాకు ఒళ్లు మండుతుంది. ఆయన 1937లోనే పోయారు. చెప్పుకోవలసినదాంట్లో ఎక్కువ భాగం ఆ తర్వాతే జరిగింది.

యుద్ధం వచ్చాక కమ్యూనిస్టు పార్టీ రహస్య పత్రికల పనిలో ఉండగా 1942 ఫిబ్రవరిలో అరెస్టయ్యారు. పట్టుకున్నది జర్మన్లు కాదు, ఫ్రెంచ్ పోలీసులే. 1943 జనవరి 24న మొత్తం 230 మంది ఆడవాళ్లలో ఒకరిగా రైలెక్కించి ఆష్విట్జ్ అనే నాజీ మరణ శిబిరానికి పంపారు. వాళ్లు ఫ్రాన్స్ జాతీయగీతం 'మార్సెయ్యేజ్' పాడుకుంటూ క్యాంపులో అడుగుపెట్టారు. ఆమె చేతి మీద పచ్చబొట్టు నంబరు 31685. నాలుగు నెలలు తిరిగేసరికి 230 మందిలో 52 మందే మిగిలారు.

అసలు నేను చెప్పాలనుకున్నది 1946 జనవరి 28 గురించి. నూరెంబర్గ్ కోర్టులో సాక్షిగా నిలబడ్డారామె. ఎదురుగా బోనులో గోరింగ్, మిగతా నాజీ నాయకులు. చూసింది చూసినట్టు, వరుసగా, ఏడవకుండా చెప్పుకొచ్చారు. తర్వాత డిఫెన్స్ లాయరు డాక్టర్ మార్క్స్ లేచి క్రాస్ మొదలుపెట్టాడు. మీరు ఇంతకుముందు ఏం పని చేసేవారు, టీచరా, లెక్చరరా అని అడిగాడు. ఎందుకంటే మీ మాటతీరు చాలా బాగుందట! కాదు, నేను ప్రెస్ ఫొటోగ్రాఫర్‌ని అన్నారామె. అన్ని బాధలు పడ్డారు కదా, మరి ఇంత ఆరోగ్యంగా ఎలా ఉన్నారు అన్నది తర్వాతి ప్రశ్న.

ఆ రికార్డు మొదటిసారి చదివినప్పుడు ఇక్కడ ఆగిపోయాను. చేతులు చల్లబడ్డాయి.

నేను హైస్కూల్లో తెలుగు టీచర్ని. కొన్నేళ్ల కిందట మా అక్క వరకట్నం కేసులో సాక్ష్యం చెప్పాను. మూడు వాయిదాలు తిరిగాక నా వంతు వచ్చింది. రాత్రంతా టెన్షన్‌తో నిద్రపోలేదు, తేదీలన్నీ చిన్న కాగితం మీద రాసుకుని బట్టీ పట్టాను. చెప్పడం పూర్తవగానే అవతలి లాయరు నవ్వుతూ, "టీచరమ్మ కదా, పాఠం బాగానే అప్పజెప్పారు" అన్నాడు. తర్వాత అక్క వైపు చేయి చూపించి, "ఈవిడ్ని చూస్తే కష్టాలు పడ్డ మనిషిలా ఉందా?" అన్నాడు. అక్క ఆ రోజు ఇస్త్రీ చీర కట్టుకుని వచ్చింది. చీర కుచ్చిళ్లు గట్టిగా పట్టుకుని తల దించేసుకుంది. నా నోట మాట రాలేదు. ఏడిస్తే నాటకం అంటారు, ఏడవకపోతే అబద్ధం అంటారు. ఆడదాని సాక్ష్యం ఎక్కడైనా ఇంతే.

మారీ క్లోద్ మాత్రం తడుముకోలేదు. విడుదలై ఏడాది అయింది, కోలుకోవడానికి ఆ సమయం చాలు అన్నారు. టైఫస్ వచ్చి మూడున్నర నెలలు మంచం పట్టినా అదృష్టం కొద్దీ చావలేదన్నారు. జర్మన్ భాష తెలుసు కాబట్టి చివరి నెలల్లో రావెన్స్‌బ్రూక్ అనే మరో నాజీ క్యాంపు ఆసుపత్రిలో కాస్త తేలికైన పని దొరికిందని కూడా దాచకుండా చెప్పారు. ఆఖరున లెక్క చెప్పారు: 230 మందిమి వెళ్లాం, 49 మందిమి తిరిగొచ్చాం. ఆ జవాబు మా అక్కకు ఫోన్‌లో చదివి వినిపించాను. రెండోసారి చదవమంది.

ఆమెలో నాకు నచ్చనిది కూడా ఉంది. సోవియట్ క్యాంపుల గురించి బయటపెట్టిన డేవిడ్ రూసే వేసిన పరువునష్టం కేసులో, 1950-51లో, ఆమె సోవియట్ జైలు వ్యవస్థను మెచ్చుకుంటూ సాక్ష్యం చెప్పారు. ఆష్విట్జ్ చూసొచ్చిన మనిషి అలా మాట్లాడటాన్ని నేను క్షమించలేను. పార్టీ అభిమానులు ఈ సంగతి ఎత్తరు. పార్టీ అంటే పడనివాళ్లు ఇదొక్కటే పట్టుకుని నూరెంబర్గ్‌ను కూడా కొట్టేస్తారు. రెండూ అన్యాయమే.

రాజకీయాల్లోనూ ఆమె అలంకారానికి లేరు. ఫ్రాన్స్‌లో ఆడవాళ్లకు ఓటుహక్కు వచ్చిందే 1944లో. మరుసటి ఏడాదే రాజ్యాంగ సభకు ఎన్నికయ్యారు, తర్వాత జాతీయ అసెంబ్లీకి ఉపాధ్యక్షురాలయ్యారు. మానవాళిపై నేరాలకు కాలపరిమితి ఉండకూడదన్న 1964 చట్టం కోసం సభలో మాట్లాడారు. 1987లో లియోన్‌లో, యుద్ధకాలంలో అక్కడ గెస్టపో (నాజీ రహస్య పోలీసు) అధికారిగా ఉన్న క్లౌస్ బార్బీ మీద విచారణ జరిగినప్పుడు ఆమెకు 74 ఏళ్లు. ఆమెను పట్టుకున్నది బార్బీ కాదు. అయినా ఆష్విట్జ్ అంటే ఏమిటో చెప్పడానికి మళ్లీ కోర్టుకు వెళ్లి, సాక్షిగా నిలబడి, మొదటి నుంచి చెప్పారు.