వేడెక్కినా దిగని ఐడిల్

మీ 1990 మాజ్దా మియాటా కారు, 1.6 లీటర్ల ఇంజిన్, బాగా వేడెక్కాక కూడా ఐడిల్ (యాక్సిలరేటర్ నొక్కనప్పుడు ఇంజిన్ తిరిగే వేగం) 1,800 ఆర్‌పీఎం (నిమిషానికి తిరిగే చుట్లు) దగ్గరే ఉంటోందనీ, ఆ వేగాన్ని సరిచేసే ఐడిల్ స్క్రూ పూర్తిగా బిగించినా దిగడం లేదనీ రాశారు. సగం జవాబు ఆ చివరి మాటలోనే ఉందండీ. స్క్రూ తన గాలి దారి మూసేసినా ఇంజిన్‌కి గాలి అందుతోందంటే అది మరో దారిన లోపలికి వెళ్తోంది. సెన్సర్లు కొనడం ఇప్పుడే మొదలుపెట్టకండి.

ముందు యాక్సిలరేటర్ కేబుల్‌కి కొద్దిగా వదులు ఉందో లేదో చూడండి, నిమిషం పని; బిగువుగా ఉంటే థ్రాటిల్ పూర్తిగా మూసుకోదు.

నా అనుమానమంతా థ్రాటిల్ బాడీ (ఇంజిన్‌లోకి వెళ్లే గాలిని నియంత్రించే భాగం) కింద ఉన్న ఎయిర్ వాల్వ్ మీదే. అందులో మైనం గుళిక ఉంటుంది. కూలెంట్ (ఇంజిన్‌ని చల్లబరిచే ద్రవం) వేడికి అది వ్యాకోచించి అదనపు గాలి దారి మూసేస్తుంది. కూలెంట్ తగ్గినా, దాన్ని వాల్వ్‌కి తెచ్చే రెండు సన్నని గొట్టాలు పూడుకుపోయినా గుళికకి వేడి తగలదు, ఇంజిన్ ఇంకా చల్లగానే ఉన్నట్టు గాలి పోతూనే ఉంటుంది. ఇంజిన్ వేడెక్కాక ఆ రెండు గొట్టాల దగ్గర చెయ్యి పెట్టి చూడండి (ఫ్యాన్, బెల్టులు జాగ్రత్త). చల్లగా ఉంటే దొంగ దొరికినట్టే. రేడియేటర్ మూత మాత్రం ఇంజిన్ చల్లారాకే తీయాలి.

రెండూ వేడిగానే ఉంటే వాల్వే ఇరుక్కుని ఉండొచ్చు, లేదా వాక్యూమ్ లీక్ (గొట్టాల్లోనో అతుకుల్లోనో సందుల గుండా గాలి లోపలికి పోవడం). బ్రేక్ బూస్టర్ (బ్రేక్ నొక్కడం తేలిక చేసే భాగం) గొట్టాన్ని ఒక్క క్షణం నొక్కిపట్టండి, ఐడిల్ పడిపోతే లీక్ అటువైపే.

లోపం సరిచేశాక డయాగ్నోసిస్ బాక్స్‌లో (ఇంజిన్ పరీక్షల కోసం ఉన్న చిన్న పెట్టె) టీఈఎన్, జీఎన్‌డీ అని రాసున్న రెండు టెర్మినళ్లని వైరుతో కలిపి, ఐడిల్ స్క్రూతో 850 ఆర్‌పీఎంకి తెచ్చుకోండి. థ్రాటిల్ ఎంతవరకు మూసుకోవాలో నిర్ణయించే థ్రాటిల్ స్టాప్ స్క్రూ జోలికి మాత్రం వెళ్లొద్దు.